కరిగేందుకే పుట్టిన తీగ

బల్ల మీద నా ముందు మూడు గాజు ఫ్యూజులున్నాయి. మూడూ 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల లావు. రెండు చివర్లా చిన్న లోహపు టోపీలు. మొదటిది బాగున్న ఫ్యూజు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే వెంట్రుకంత తీగ ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా కనిపిస్తుంది. రెండోదానిలో తీగ నడిమధ్య తెగింది. తెగిన కొసలు కరిగి చిన్న గుండ్లు కట్టాయి కానీ గాజు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది. మూడోదానిలో తీగ జాడే లేదు. గాజు లోపల నల్లగా మసి పట్టి, ఒక పక్క పాదరసం పూసినట్టు మెరుస్తోంది.

పాత మెకానిక్‌లు పోయిన ఫ్యూజును ఇలా ఒకసారి వెలుతురుకు పెట్టి చూడకుండా పారేయరు. శుభ్రంగా తెగితే, మోయాల్సిన దానికంటే కాస్త ఎక్కువ కరెంటు చాలాసేపు పోయిందని అర్థం. గాజు నల్లబడితే లోపల ఎక్కడో గట్టి షార్టు ఉంది. కొత్త ఫ్యూజు వేసినా అదే గతి పడుతుంది. రెండు రూపాయల వస్తువు పోతూ పోతూ జబ్బేమిటో చెప్పి పోతుంది. ఆ మాట వినడం నేర్చుకోవడంతోనే ఎలక్ట్రానిక్స్ అభిరుచి మొదలవ్వాలని నా నమ్మకం.

మా చిన్నప్పుడు కరెంటు పోతే నాన్న ముందు వీధిలోకి తొంగిచూసేవారు. ఎదురింట్లో దీపం వెలుగుతుంటే "మన ఫ్యూజే" అని తేల్చేసేవారు. మెయిన్ ఆపి, బోర్డు మీది పింగాణీ ఫ్యూజు పీకేవారు. ఫ్యూజు వైరు ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాదు. పాత వైరు ముక్క ఒలిచి, అందులోంచి రాగి పోగు ఒకటి లాగేవారు. "ఒక్కటైతే మళ్లీ పోతుందిరా, రెండు వేద్దాం" అని రెండో పోగు కలిపి మెలిపెట్టి బిగించేవారు. టార్చి పట్టుకునేది నేను. ఆ రెండో పోగు ఎంత పెద్ద మార్పో చాలా ఏళ్ల తర్వాత, ఫ్యూజు పుట్టిన కథ చదివినప్పుడు గానీ నాకు తెలియలేదు.

కథ కరెంటు దీపాలతో మొదలవలేదు, పిడుగుతో మొదలైంది. 1840ల్లో ఐరోపాలో రైలు మార్గాల వెంట టెలిగ్రాఫ్ తీగలు పరుచుకుంటున్నాయి. మైళ్ల కొద్దీ ఆరుబయట వేలాడే తీగ మీద పిడుగు పడితే, ఆ విద్యుత్తు తీగ వెంట పరుగెత్తి నేరుగా స్టేషన్ గదిలోకి వచ్చేది. లోపల ఉన్న యంత్రంలో సన్నని తీగ చుట్టలు కాలిపోయేవి. బల్ల ముందు కూర్చున్న మనిషికీ ప్రమాదమే. పారిస్‌లో లూయీ బ్రెగే అనే ఆయన ఈ యంత్రాలు చేసేవాడు. పేరుమోసిన గడియారాల తయారీదారు అబ్రహాం లూయీ బ్రెగేకి మనవడు. 1847లో ఆయన ఒక సలహా ఇచ్చాడు. బయటి లావు తీగను నేరుగా గదిలోకి తేవద్దు, నడుమ కొంత దూరం బాగా సన్నని తీగ పెట్టండి, పిడుగు వస్తే ఆ సన్నని ముక్క కరిగిపోయి యంత్రం మిగులుతుంది అన్నాడు.

అంతకు ముందు ఇంజనీర్లు ఏదీ కాలకుండా చూడాలని తంటాలు పడేవాళ్లు. ఏదో ఒకటి కాలక తప్పదు, ఏది కాలాలో, ఎక్కడ కాలాలో మనమే ముందుగా తేల్చిపెట్టాలి అన్నది బ్రెగే ఆలోచన. తర్వాతి 175 ఏళ్లలో వచ్చిన ప్రతి ఫ్యూజూ ఈ ఆలోచనకు బిడ్డే. 1864 నాటికి టెలిగ్రాఫ్ కేబుళ్లను కాపాడటానికి సన్నని తీగలూ రేకు ముక్కలూ వాడుకలోకి వచ్చేశాయి.

కరెంటు ఇళ్లల్లోకి వచ్చాక చిక్కు మారింది. పిడుగు ఎప్పుడో వస్తుంది, షార్టు ఏ రోజైనా రావచ్చు. పైగా తీగలు నడిచేది చెక్క గోడల్లో, పరదాల పక్కన. థామస్ ఎడిసన్ తన దీపాన్ని జనానికి అమ్మాలంటే అది ఇల్లు తగలబెట్టదని నమ్మించాలి. ఆయన ఈ పని కోసం తీసుకున్న అమెరికా పేటెంటు 1880 మే 4న వచ్చింది. దాని సంఖ్య 227,226. దీపాల వరుసకు ముందు ఒక చిన్న బలహీనమైన తీగ ముక్కను పెడతారు. ఎక్కడైనా రెండు తీగలు తగులుకుంటే అది కరిగి ఆ వరుసను మాత్రం విడదీస్తుంది. ఆ ముక్క చుట్టూ కరెంటు పారని తొడుగు ఒకటి పెట్టాడు, కరిగిన లోహపు చుక్క కింద పడి ఏ తివాచీనో అంటించకుండా. ఏది కాలాలన్నది బ్రెగే చూసుకున్నాడు. కాలిన తర్వాత ఆ నిప్పుచుక్క ఎక్కడ పడుతుందన్నది ఎడిసన్ చూసుకున్నాడు.

ఎడిసన్ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్‌లో జరిగిన ప్రదర్శనల రోజుల నుంచి ఒక సంగతి చెబుతారు. గ్యాస్ దీపాల పక్షాన వచ్చిన ఒకతను కోటు చేతుల్లో లావాటి రాగి తీగ దాచుకుని వచ్చి, దాని రెండు కొసలనూ దీపాల తీగలకు తాకించాడట. మొత్తం ప్రదర్శన ఆరిపోతుందని అతని ఆశ. ఆరిపోయినవి కొద్దిపాటి దీపాలే. మిగతావన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎడిసన్ దీపం గురించి వచ్చిన పుస్తకాలన్నీ కలిపి చెప్పిన దానికంటే ఈ ఒక్క సంఘటన ఎక్కువ చెబుతుందని నాకనిపిస్తుంది. జనం చూసింది దీపాన్ని, దాన్ని నిలబెట్టింది దీపాల వెనక దాగిన తీగ ముక్క.

మీరు బల్ల మీద కట్టే సర్క్యూట్లకూ ఎడిసన్ చేసిన ఈ విభజన పనికొస్తుంది. పవర్ సప్లై అంతటికీ ఒక్క ఫ్యూజు పెట్టి ఊరుకోకుండా, మెయిన్స్ వైపు ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఒక్కో శాఖకు ఒక్కోటి పెడితే, ఏ శాఖ చెడిందో ఫ్యూజే చూపిస్తుంది.

ఎంత సన్నని తీగ అయితే ఎంత కరెంటుకు కరుగుతుంది? దీనికి జవాబు వెతికినవాడు విలియం హెన్రీ ప్రీస్. వేల్స్ ప్రాంతంవాడు, బ్రిటిష్ పోస్టాఫీసులో ఎలక్ట్రీషియన్‌గా పైకి వచ్చినవాడు. కొంత కాలానికి రేడియో ప్రయోగాలు చేస్తున్న మార్కోనీని ఆదరించి నిలబెట్టింది కూడా ఈయనే. 1880ల్లో రకరకాల లోహాల తీగలు తీసుకుని, ఒక్కోదానిలో కరెంటు పెంచుకుంటూ పోయి, ఎక్కడ కరుగుతుందో కొలిచి రాయల్ సొసైటీకి సమర్పించాడు. ఆయన తేల్చిన లెక్క నేటికీ ఎలక్ట్రికల్ పుస్తకాల్లో ఉంది. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, రాగి అయితే 80తో హెచ్చవేస్తే కరిగే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. తగరానికి 80 బదులు 12.8, సీసానికి 10.8.

ఈ లెక్క ఎందుకిలా వస్తుందో ఒక్క నిమిషం చూద్దాం. తీగ లావైతే దానిలో పుట్టే వేడి తగ్గుతుంది, ఎందుకంటే కరెంటుకు దారి వెడల్పవుతుంది. అదే సమయంలో వేడి బయటికి పోయే ఒళ్లు కూడా పెరుగుతుంది. రెండూ ఒకే వైపు పనిచేస్తాయి. అందుకే వ్యాసం రెట్టింపైతే కరిగే కరెంటు రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. 1 మిల్లీమీటరు రాగి తీగ కరగాలంటే 80 ఆంపియర్లు కావాలి. అర మిల్లీమీటరుకు 28 చాలు.

ఇప్పుడు నాన్న వేసిన పోగు సంగతి. మన షాపుల్లో 14/76 అని అడిగి కొనే వైరులో 14 పోగులుంటాయి. 76 అంటే ఒక్కో పోగు లావు, అంగుళంలో పదివేలో వంతుల్లో. అంటే 0.19 మిల్లీమీటర్లు. ప్రీస్ లెక్కలో పెడితే ఒక్క పోగు 7 ఆంపియర్లకు దగ్గరగా కరుగుతుంది. రెండు వేస్తే 13, 14 దాకా ఆగుతుంది. ఇంటి దీపాలకు వాడే 5 ఆంపియర్ల ఫ్యూజు వైరు 0.2 మిల్లీమీటర్ల తీగే. అంటే నాన్న చేతికి వచ్చిన మొదటి పోగు యాదృచ్ఛికంగా దాదాపు సరైన తీగ. తప్పు చేసింది రెండోది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ముందు వేడెక్కాల్సిన తీగ ఫ్యూజు కాకుండా, గోడలో పాతేసిన పాత వైరు అయింది. అదృష్టం బాగుండి ఏమీ జరగలేదు.

ఇదే పోగును రేడియోలోనో ఆంప్లిఫయర్‌లోనో 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజు స్థానంలో వేస్తే ఏమవుతుందో చూడండి. ఉండాల్సిన దానికి 14 రెట్లు. ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కినా ఆ పోగు చలించదు. గాజు ఫ్యూజు మీద సిగరెట్ రేకు చుట్టి బిగించినవాళ్లనూ చూశాను. రేకు చుట్టిన చోట ఇక ఫ్యూజు లేనట్టే.

ప్రీస్ లెక్కతో పాటు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. ఫ్యూజు మీద రాసిన అంకె కరిగే కరెంటు కాదు, అది నిశ్చింతగా మోసే కరెంటు. ఐరోపా ప్రమాణంలో తయారైన 5x20 గాజు ఫ్యూజు 1 ఆంపియర్‌ది అయితే, ఒకటిన్నర ఆంపియర్లను కనీసం గంటసేపు మోయాలని నియమం. అదే ఫ్యూజు, త్వరగా తెగే రకమైనా సరే, 2.1 ఆంపియర్ల దగ్గర అరగంట దాకా ఆగవచ్చు. అమెరికా ప్రమాణంలో చేసినవి వేరేగా కొలుస్తారు, 1.35 రెట్లకే గంటలోపు తెగాలి. రెండు ఫ్యూజుల మీదా ఒకే అంకె ఉన్నా స్వభావం ఒకటి కాదు. "1 ఆంపియర్ దాటగానే తెగుతుంది" అనుకుని సర్క్యూటు కట్టినవాళ్లు నిరాశపడేది ఇక్కడే.

1887లో కాక్‌బర్న్ అనే ఇంజనీరు లండన్‌లో ఇంకో ఇబ్బందిని బయటపెట్టాడు. సీసం, తగరం లాంటి తీగలు కరిగినా తెగిపోకపోవచ్చు. పైన తుప్పు పొర గొట్టంలా నిలబడి లోపల కరిగిన లోహాన్ని పట్టి ఉంచుతుంది. ఆయన తీగ నడుమ చిన్న బరువు వేలాడదీశాడు. మెత్తబడగానే బరువు లాగి తెంపేస్తుంది. స్ప్రింగు ఉన్న ఫ్యూజులను నేడు చూసినప్పుడు ఆ బరువే గుర్తొస్తుంది.

ఇక్కడి దాకా అందరూ తీగ ఎలా కరగాలని ఆలోచించారు. కరిగిన తర్వాత ఏమవుతుందన్నది అసలు కష్టమైన ప్రశ్న. ఫ్యూజు మీద నాకు గౌరవం పెరిగింది దీన్ని అర్థం చేసుకున్నాకే.

తీగ తెగగానే కరెంటు ఆగిపోతుందని మనం అనుకుంటాం. ఆగదు. తెగిన సందులో లోహపు ఆవిరి నిండుతుంది, వేల డిగ్రీల వేడిలో ఆ ఆవిరే తీగలా కరెంటును మోస్తుంది. దాన్నే ఆర్క్ అంటాం, వెల్డింగ్ చేసేచోట కళ్లు చెదరగొట్టే వెలుగు అదే. షార్టు చిన్నదైతే ఆర్క్ తనంతట ఆరిపోతుంది. పెద్దదైతే ఫ్యూజు గొట్టంలో గాలి వ్యాకోచించి గాజు పగిలి ముక్కలు ఎగురుతాయి, ఆర్క్ బయటికొచ్చి పక్కనున్న వాటిని అందుకుంటుంది. కాపాడాల్సినదే నిప్పు పుట్టించే చోటవుతుంది.

1890లో ఇంగ్లండులో విలియం మోర్డే దీనికి మందు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. తీగను గొట్టంలో పెట్టి, గొట్టాన్ని మండని పొడితో నింపాడు. సుద్ద, పాలరాతి పొడి, ఇసుక లాంటివి పనికొస్తాయని రాశాడు. చివరికి నిలిచింది ఇసుక. ఆర్క్ పుట్టగానే చుట్టూ ఉన్న ఇసుక గింజలు కరిగి ఆ వేడిని మింగేస్తాయి, లోహపు ఆవిరి గింజల సందుల్లోకి చొరబడి చల్లారుతుంది, ఆర్క్‌కు నిలబడటానికి చోటుండదు.

ఒకసారి పాడైన మల్టీమీటరులోంచి పోయిన సెరామిక్ ఫ్యూజు తీసి, కాగితం మీద పటకారుతో విరిచాను. తెల్లటి సన్న ఇసుక జారింది. అందులో ఒక పుల్లలాంటిది మిగిలింది. బూడిద రంగు, గరుకు, వేలితో నొక్కితే కరకరలాడింది. తీగ ఉన్న దారి పొడవునా ఇసుక కరిగి గాజులా గడ్డకట్టింది. పిడుగు ఇసుక నేలలో పడితే లోపల ఇలాంటి గాజు పుల్లలే ఏర్పడతాయి. బ్రెగే భయపడిన పిడుగుకు చిన్న తమ్ముణ్ణి ఈ గొట్టంలో బంధించి చంపారు.

అందుకే ఫ్యూజు కొనేటప్పుడు ఆంపియర్లు ఒక్కటే చూస్తే చాలదు. 5x20 ఫ్యూజు టోపీ మీద భూతద్దంతో చూస్తే ఇంగ్లిషులో ఎల్ అనో హెచ్ అనో అక్షరం కనిపిస్తుంది. ఎల్ అంటే 35 ఆంపియర్లు, లేదా రేటింగుకు పది రెట్లు, ఏది ఎక్కువైతే అంత షార్టు కరెంటును మాత్రమే క్షేమంగా తుంచగలదు. హెచ్ అయితే 1500 ఆంపియర్ల దాకా. ఇంటి ప్లగ్గు దగ్గర షార్టు అయితే ఎంత కరెంటు పోతుంది? వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ బల్ల దాకా తీగల మొత్తం నిరోధం అర ఓమ్ అనుకోండి. 230ని 0.5తో భాగిస్తే 460 ఆంపియర్లు. 35కూ 460కీ మధ్య ఉన్న దూరమే గాజు పగిలే దూరం. మెయిన్స్ వైపు ఇసుక నింపిన హెచ్ రకం వేయండి. గాజుది లోపలి తక్కువ వోల్టేజీ శాఖలకు ఉంచుకోండి.

మల్టీమీటరు విషయంలో ఇది ప్రాణాల మీది మాట. మంచి మీటర్లలో 600, 1000 వోల్టుల ఇసుక ఫ్యూజులుంటాయి, ఖరీదెక్కువ. అది పోయినప్పుడు దాని చోట 250 వోల్టుల గాజు ఫ్యూజు పెట్టి, ప్రోబులు కరెంటు సాకెట్లో మరిచిపోయి మెయిన్స్ మీద పెడితే, పేలేది మీ అరచేతిలో.

డీసీ దగ్గర ఆర్క్ మరీ మొండిది. ఏసీ 50 హెర్ట్జ్‌లో కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను దాటుతుంది, ప్రతిసారీ ఆర్క్ ఆరిపోయే అవకాశముంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. 250 వోల్టుల ఏసీకి చేసిన ఫ్యూజు డీసీలో అంత వోల్టేజీని ఆపలేకపోవచ్చు. కార్లలో వాడే రంగురంగుల బ్లేడు ఫ్యూజులు చాలావరకు 32 వోల్టులకు చేసినవి. 10 ఆంపియర్లు అని రాసుంది కదా అని వాటిని మెయిన్స్‌లో వేయకూడదు. యూపీఎస్ బ్యాటరీ చూడటానికి అమాయకంగా 12 వోల్టులే, కానీ షార్టైతే వందల ఆంపియర్లు విసురుతుంది. ఫ్యూజు ఎంత మంచిదైనా బ్యాటరీ టెర్మినల్‌కు దూరంగా పెడితే, ఆ మధ్యలో ఉన్న తీగకు కాపలా లేదు. టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపే పెట్టాలి.

చిన్న ఫ్యూజు కథ చికాగోలో మొదలవుతుంది. 1920ల్లో ఇంటింటా రేడియోలు, వాటిని బాగుచేసేవాళ్ల చేతుల్లో సుకుమారమైన మీటర్లు. ఒక్క పొరపాటుతో మీటరు ముల్లు వంగి, చుట్ట కాలిపోయేది. అప్పటి ఫ్యూజులన్నీ ఇళ్లకూ కర్మాగారాలకూ చేసినవి. ఎడ్వర్డ్ సండ్ట్ అనే యువకుడు మిల్లీఆంపియర్ల స్థాయిలో వేగంగా తెగే చిన్న ఫ్యూజు చేసి, 1927లో దానికోసం ఒక కంపెనీ పెట్టాడు. అదే నేటి లిటిల్‌ఫ్యూజ్. మన అభిరుచి ప్రపంచానికి దగ్గరైన మొదటి ఫ్యూజు అని దీన్ని పిలవచ్చు, అది కాపాడింది ఇంటిని కాదు, బల్ల మీది మీటరును.

వేగంగా తెగడం అన్ని చోట్లా మేలు కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు ఉన్న ఆంప్లిఫయర్, స్విచ్చి వేయగానే ఒక్క క్షణం మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు తాగుతుంది. త్వరగా తెగే ఫ్యూజు వేస్తే ప్రతిసారీ పోతుంది. మనవాళ్లు విసిగి లావు ఫ్యూజు వేస్తారు, అక్కడే ప్రమాదం మొదలు. కావాల్సింది లావు ఫ్యూజు కాదు, ఓపికగల ఫ్యూజు. 1939లో మెట్‌కాఫ్ అనే పరిశోధకుడు వివరించిన ఒక చిత్రమైన ప్రభావం ఈ ఓపికకు వెనకున్న రహస్యాల్లో ఒకటి. రాగి 1085 డిగ్రీలకు గానీ కరగదు. కానీ రాగి తీగ నడుమ ఆవగింజంత తగరం చుక్క పెడితే, 232 డిగ్రీలకే తగరం కరిగి, చక్కెరను నీళ్లు కరిగించుకున్నట్టు రాగిని తనలో కలిపేసుకుని తెంపేస్తుంది. క్షణకాలపు దూకుడుకు ఆ చుక్క వేడెక్కేలోపు ప్రమాదం గడిచిపోతుంది. నిలకడగా సాగే ఓవర్‌లోడుకు మాత్రం చుక్క కరిగి తీరుతుంది. కొన్ని గాజు ఫ్యూజుల్లో నడుమ కనిపించే బొట్టు ఇదే. టోపీ మీద ఇంగ్లిషులో టి అని ఉంటే ఆలస్యంగా తెగే రకం, ఎఫ్ అని ఉంటే త్వరగా తెగే రకం. రేటింగుకు పది రెట్ల కరెంటు దగ్గర ఎఫ్ 20 మిల్లీసెకన్లలోపే పోతుంది, టి 300 మిల్లీసెకన్ల దాకా కూడా ఆగగలదు.

ఎంత వేగమైన ఫ్యూజైనా ట్రాన్సిస్టర్ కంటే వేగంగా చావదు. షార్టులో ముందు పోయేది ట్రాన్సిస్టరే. తర్వాత పోయే ఫ్యూజు దాని పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌నూ, బోర్డునూ, మీ గదినీ కాపాడుతుంది. ఫ్యూజు ఉన్నది వస్తువు కోసం కాదు, నిప్పు పుట్టకుండా ఉండటం కోసం.

మనుషులు ఫ్యూజును మోసం చేయడమూ ఈ కథలో భాగమే. అమెరికాలో బల్బులా మరతో బిగించే ఫ్యూజులుండేవి. అన్ని రేటింగులూ ఒకే హోల్డరులో పట్టేవి. 15 ఆంపియర్లది పోతే 30ది బిగించేవాళ్లు. అదీ లేకపోతే వెనక రాగి నాణెం పెట్టి ఫ్యూజు బిగించేవాళ్లు, ఇళ్లు తగలబడేవి. దాంతో ఒక రేటింగు హోల్డరులో ఇంకో రేటింగు ఎక్కకుండా టైప్ ఎస్ అనే రకం తెచ్చారు. బ్రిటన్‌లో 1947లో ప్లగ్గులోనే ఫ్యూజు పెట్టే ప్రమాణం వచ్చింది, దీపం వైరుకు 3 ఆంపియర్లు, హీటరు వైరుకు 13. 1924లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ పేరు మీద వచ్చిన చిన్న సర్క్యూట్ బ్రేకరు మన ఇళ్లల్లో ఎంసీబీ అయింది, పింగాణీ ఫ్యూజులు క్రమంగా వెళ్లిపోయాయి. ఆర్డుయినో ఉనో బోర్డు మీద యూఎస్‌బీ పక్కన ఉండే 500 మిల్లీఆంపియర్ల ముక్క ఇంకో తరం. వేడెక్కితే కరెంటును దాదాపు ఆపేస్తుంది, చల్లారితే మళ్లీ వదులుతుంది.

ఫ్యూజు చేయలేని పని ఒకటుంది, అది చెప్పకుండా ఈ కథ ముగించలేను. మనిషి ఒంటి నిరోధం వెయ్యి రెండు వేల ఓమ్‌ల మధ్య అనుకుంటే, 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పోయే కరెంటు 0.1 నుంచి 0.2 ఆంపియర్లు. గుండె ఆగడానికి అంతకంటే తక్కువే చాలు. మీ బల్ల మీది 1 ఆంపియర్ ఫ్యూజుకు ఆ కరెంటు ఒక చిన్న బల్బంత. అది తెగదు. మనిషిని కాపాడేది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో కాచుకుని, 30 మిల్లీఆంపియర్ల తేడాకే పడిపోయే ఆర్‌సీసీబీ. పని బల్లకు వచ్చే లైనులో అది తప్పకుండా ఉండాలి.

తెలుగు పల్లెల్లో ఫ్యూజు వార్తల్లోకి వచ్చేది కూడా ఇలాగే. మోటారు ఆగిపోయిందని రైతు తానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి ఫ్యూజు వైరు వేయబోయి, షాక్ కొట్టి చనిపోయాడన్న వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివాం. ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను తెంపే ఏబీ స్విచ్ దించినా ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోవచ్చు, కింద నుంచి చూస్తే తెలియదు. ఎకరం వరి ఎండుతుంటే ఆ మనిషి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా అది మనం ముట్టుకోదగిన ఫ్యూజు కాదు. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి, మీ ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పండి.

ఇక మన బల్ల సంగతి. ఫ్యూజు ఎప్పుడూ ఫేజులో ఉండాలి, న్యూట్రల్‌లో కాదు. న్యూట్రల్‌లో ఉంటే అది పోయాక కూడా లోపలంతా కరెంటు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే అదే జరుగుతుంది, మూడు పిన్నులదే వాడండి. మార్చేముందు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు పీకండి. పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగండి. నల్లబడ్డ ఫ్యూజు కనబడితే కొత్తది వేసి అదృష్టం చూడకండి. మన మెకానిక్‌లు తరతరాలుగా చేసే పని ఉంది, సిరీస్ బల్బు. 100 వాట్ల పాత తీగ బల్బును ఫేజు లైనులో వరుసగా కలిపి సెట్టుకు కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే బాగున్నట్టు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు.

ఈసారి హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు, మీరు వాడే రేటింగుల్లో ఐదేసి చొప్పున ఫ్యూజులు తెచ్చి పెట్టుకోండి, ఎఫ్, టి విడివిడిగా. మీరు కట్టిన ప్రతి పెట్టెలో ఫ్యూజు హోల్డరు పక్కన దాని ఆంపియర్లు, వోల్టులు, రకం చెరగని మార్కరుతో రాయండి. పదేళ్ల తర్వాత ఆ పెట్టె విప్పి ఫ్యూజు మార్చేది మీరే కాకపోవచ్చు.